సిగ్గుకన్న ప్రాణము మిన్న

(మన సంఘ మహిళా విభాగమువారు ఏర్పాటు చేసిన ఆరోగ్య సభయందు గావించిన ప్రసంగ పాఠము)



నేటి సభయందు ఈ విషయమును గూర్చి ప్రసంగింపుడని మహిళా విభాగమువారు కోరిరి. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, అంగడిలో తక్కెడ పట్టి జీవించువారము. విషయమో, నలుగురు పురుషులు కూర్చున్నచోట ఎవరును నోరెత్తనిది. అయినను అంగీకరించితిమి. ఏలయన, స్త్రీల వ్యాధులను గూర్చి పురుషులు వినరాదను మర్యాద యొకటి మన ఇండ్లలో పాతుకొనియున్నది. ఆసుపత్రి ఖర్చునకు రూకలిచ్చువాడు పురుషుడు. వెంట పోవువాడు పురుషుడు. ఇప్పుడు వలదు, తరువాత చూతమని ఆపువాడును పురుషుడే. నిర్ణయము చేయువాడు విననిచో, స్త్రీలు మాత్రము విని ప్రయోజన మేమి? కావున వైద్యులు నిర్ధారించిన సంగతులను, ఆరోగ్యసంస్థలు ప్రకటించిన లెక్కలను, మాకు బోధపడినంతవరకు తేట తెలుగున విన్నవించుచున్నాము.

చెప్పదలచినది రెండు మాటలు. హెచ్.ఐ.వి. సోకిన స్త్రీకి గర్భాశయ ముఖద్వారమున కాన్సరు పుట్టు అపాయము, సోకని స్త్రీకన్న ఆరు రెట్లు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తెలుపుచున్నారు. ఇది మొదటి మాట. ముందుగ కనిపెట్టినచో రాకుండ ఆపదగిన కాన్సరు ఇది. ఇది రెండవ మాట. మొదటిది చెప్పుట భయపెట్టుటకు గాదు. రెండవదానిని ఆచరణలో పెట్టించుటకు.

మాత్రలు వచ్చిన తరువాత

మన దేశమున హెచ్.ఐ.వి. మొదట బయటపడినది 1986లో. మద్రాసు వైద్య కళాశాలలో డాక్టరు సునీతి సోలమన్‌గారును, ఆమె శిష్యురాలు నిర్మలగారును రక్త నమూనాలను సేకరించి, మనకు దాపుననే యున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు గొనిపోయి పరీక్ష చేయించిరి. ఆ దినములలో ఈ వ్యాధి యనగా మరణశాసనముగ నుండెను. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి కేంద్ర ప్రభుత్వము ఎ.ఆర్.టి. మాత్రలను ఉచితముగ ఇచ్చుట ప్రారంభించెను. 2017 నుండి, సోకినట్లు తేలిన వెంటనే, ఏ దశయని చూడక, మందు మొదలిడుట విధానమైనది. నేడు క్రమము తప్పక మాత్ర మింగువారు తక్కినవారివలెనే పని చేసికొనుచు, బిడ్డలను పెంచుకొనుచు దీర్ఘకాలము జీవించుచున్నారు. రక్తమున వైరసు పరీక్షకు చిక్కనంతగా తగ్గి, అట్లే నిలిచియున్నచో, దాంపత్యమువలన మరియొకరికి సోకదని కూడ వైద్యశాస్త్రము నిర్ధారించినది.

ఇది పరుల వ్యాధి, మన ఇండ్లకు రాదు అనుకొనుటకు వీలులేదు. 2021వ సంవత్సరపు ప్రభుత్వ అంచనాలయందు, దేశమున యుక్తవయస్కులు వేయిమందికి ఇద్దరు చొప్పున హెచ్.ఐ.వి. సోకినవారు కలరు. ఆంధ్రప్రదేశమున ఆ లెక్క వేయికి దాదాపు ఏడుగురు. తెలంగాణ, కర్ణాటక రాష్ట్రములలో దాదాపు అయిదుగురు. చుట్టరికములు ఆంధ్రమునను, నివాసము కర్ణాటకమునను గల మన కుటుంబములకు ఈ రెండు లెక్కలును వర్తించును. సోకినవారిలో నూటికి నలుబదిమందికి పైగ స్త్రీలే. వారిలో పెక్కుమందికి వ్యాధి వచ్చినది తాళి కట్టిన భర్తనుండియే.

ఇంతవరకు శుభమే. మాత్రలు వచ్చినవి; ప్రాణములు నిలిచినవి. అయితే ప్రాణము నిలిచిన స్త్రీ ముప్పది, నలుబది, ఏబది యేండ్లు దాటి జీవించుచుండగా, మరియొక శత్రువు మెల్లగ పెరుగుటకు వ్యవధి దొరకుచున్నది. నెలనెల మాత్రలు తెచ్చుకొనుచున్నాను గదా, నాకింక భయము లేదని ఆ తల్లి తలపోయును. మాత్ర హెచ్.ఐ.వి.ని అణచును, ఈ రెండవ శత్రువును మాత్రము పరీక్షయే పట్టవలెను.

ఆ శత్రువు ఎవరు?

దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరసు, సంక్షేపముగ హెచ్.పి.వి. మన చర్మముపై పులిపిరులు పుట్టించునది ఈ జాతి వైరసే. ఇందు 200కు పైగ రకములు కలవు. పెక్కు రకములు హాని చేయనివి. దాదాపు పదునాలుగు రకములు మాత్రము కాన్సరుకు కారణము కాగలవు. గర్భసంచి క్రిందిభాగమున యోనిలోనికి తెరచుకొను ఇరుకైన ద్వారము కలదు. దానినే గర్భాశయ ముఖద్వారమందురు. ఈ వైరసు అచ్చటి పలుచని పొరలో చేరి, ఏండ్ల తరబడి నిలిచిపోయినచో, ఆ పొరయందలి కణములు వికారము చెంది, తుదకు మన పెద్దలు రాచపుండు అని పిలిచిన కాన్సరుగ మారును.

జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సూర్ హౌసెన్ తన తోడివారితో కలిసి, 1983లో ఈ వైరసులో 16వ రకమును, 1984లో 18వ రకమును కాన్సరు పుండ్లయందు కనిపెట్టెను. అందులకు 2008లో ఆయనకు నోబెల్ బహుమాన మీయబడినది. ప్రపంచమున ముఖద్వార కాన్సరులలో నూటికి దాదాపు 70 ఈ రెండు రకములవలననే కలుగుచున్నవి. మన తెలుగు స్త్రీలయందును అంతే. హైదరాబాదులో కాన్సరు రోగులను పరీక్షించి 2005లో ప్రచురించిన పరిశోధనలో 16వ రకమే అన్నిటికన్న అధికముగ కానవచ్చెను. దాని తరువాతిది 18వ రకము.

ఇచ్చట ఒక సంగతి గట్టిగ చెప్పవలసియున్నది. ఈ వైరసు స్త్రీపురుష సంపర్కమువలన వ్యాపించును. వివాహితులలో అధికసంఖ్యాకులకు జీవితమున ఏదో యొకనాడు ఇది సోకియే యుండును. ఎప్పుడు సోకినదో, ఎవరినుండి ఎవరికి వచ్చినదో చెప్పుట సాధ్యము కాదు. అది ఏండ్లకొలది అణగియుండి పిదప బయటపడవచ్చును. కావున పరీక్షలో హెచ్.పి.వి. కానవచ్చినంతనే ఒక స్త్రీ నడతను శంకించుట అజ్ఞానము మాత్రమే గాక అన్యాయము కూడ.

గుమస్తా లేని అంగడి

అందరికిని సోకునది అందరికిని కాన్సరు కాదేల? శరీరమునకు తనదైన కాపుదల యున్నది. సోకినవారిలో నూటికి దాదాపు 90 మందిలో రెండేండ్లలోపుగ ఆ కాపుదలయే వైరసును తుడిచివేయును. మా వ్యాపారపు మాటలో చెప్పవలెనన్న, రక్తములోని రక్షణకణములు నమ్మకమైన గుమస్తా వంటివి. బాకీ పడినవెంటనే పట్టుకొని, అసలు పెరుగకముందే చెల్లుబెట్టును. హెచ్.ఐ.వి. చేయు పని యేమన, ఆ గుమస్తానే పడగొట్టును. అంగడి తెరచియే యుండును, బాకీలు వచ్చుచునే యుండును, చూచువాడుండడు. చెల్లని బాకీపై చక్రవడ్డీ పెరిగినట్లు, తొలగని వైరసు లోపల కణములను చెరచుచు పోవును.

అందువలననే, ఆరోగ్యవతియగు స్త్రీలో వైరసు కాన్సరుగ మారుటకు 15 మొదలు 20 ఏండ్లు పట్టుచుండగా, రక్షణశక్తి క్షీణించి, చికిత్స లేనియెడల 5 మొదలు 10 ఏండ్లు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. అమెరికా దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రమువారు 1993లోనే ముఖద్వార కాన్సరును ఎయిడ్సు లక్షణములలో నొకటిగ చేర్చిరి. ఎ.ఆర్.టి. మాత్రలు గుమస్తాను మరల లేపి కూర్చుండబెట్టును. మందు ఎంత ముందుగ మొదలిడిన అంత మేలు. అయినను అపాయము తగ్గునే గాని పూర్తిగ పోదు. ఒకసారి చికిత్స చేసి తొలగించిన వికారము మరల తలయెత్తుట కూడ ఈ సోదరీమణులలో అధికము. కావున మాత్ర మానరాదు, పరీక్షయు మానరాదు.

నొప్పి లేనంతమాత్రమున రోగము లేదనరాదు

మన గనులవారికి ఇట్టి రోగమును గూర్చి వేరుగ చెప్ప నక్కరలేదు. చాంపియన్ రీఫ్, ఊరుగాం, మారికుప్పం గనులలో దిగిన తరములవారు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధిని ఎరుగుదురు. రాతిధూళి లోనికి పోయిన దినమున ఏమియు తెలియదు. మరునాడును తెలియదు. ఏండ్లు గడచి, ఆయాసము వచ్చి, మెట్లెక్కలేని నాడు తెలియును. అప్పటికి ఊపిరితిత్తులు గట్టిపడియుండును. ముఖద్వారమున జరుగునదియు నట్టిదే. మొదటి దశలలో నొప్పి యుండదు, రక్తము పోదు, ఒళ్ళు చిక్కదు. ఆ తల్లి వంట చేయుచుండును, పనికి పోవుచుండును.

తరువాత కానవచ్చు గుర్తులు ఇవి: నెలసరికిని నెలసరికిని నడుమ రక్తము పోవుట, దాంపత్యానంతరము రక్తము కనబడుట, ముట్లుడిగిన ఏండ్లకు మరల రక్తము పోవుట, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, విడువని నడుమునొప్పి, పొత్తికడుపు నొప్పి. వీనిలో ఏది కనబడినను, వయసు వచ్చినది, వేడి చేసినది యని సరిపెట్టుకొనక ఆ వారముననే స్త్రీవైద్య నిపుణులకు చూపవలెను. కాని మన పట్టుదల యంతయు ఈ గుర్తులు రాకమునుపే పరీక్షించుటపై నుండవలెను. 2022లో మన దేశమున దాదాపు 1,27,000 మంది స్త్రీలకు ఈ కాన్సరు క్రొత్తగ వచ్చెను. దాదాపు 80,000 మంది మరణించిరి. అనగా దినమునకు 200 మందికి పైగ. మన స్త్రీలకు వచ్చు కాన్సరులలో రొమ్ము కాన్సరు తరువాత రెండవ స్థానము దీనిదే.

పరీక్ష యనగా నేమి?

పరీక్ష యనినంతనే కోతయని, మంచము పట్టవలెనని మన ఆడువారు భయపడుదురు. అది నిజము కాదు. మూడు విధములైన పరీక్షలు కలవు.

మొదటిది పాప్ పరీక్ష. గ్రీసు దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన డాక్టరు పాపనికొలావ్ దీనిని రూపొందించి, 1943లో గ్రంథముగ ప్రకటించెను. ముఖద్వారమునుండి కొన్ని కణములను మెత్తని కుంచెతో తీసి, గాజుపలకపై పెట్టి సూక్ష్మదర్శినితో చూతురు.

రెండవది వి.ఐ.ఎ. పరీక్ష. వెనిగరులో నుండు పులుపు ద్రవమును నీటిలో కలిపి ముఖద్వారముపై అద్ది, ఒక నిమిషము ఆగి చూతురు. చెడిన కణములున్నచోట తెల్లని మచ్చ లేచును. ఖరీదైన యంత్రము అవసరము లేదు. ఫలితము అప్పుడే తెలియును. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998 మొదలుకొని మురికివాడలలో లక్షన్నర స్త్రీలను రెండు వర్గములుగ చేసి, ఒక వర్గమునకు రెండేండ్ల కొకమారు ఈ పరీక్ష జరిపించిరి. పరీక్షించినవారు డాక్టర్లు కారు. శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్త్రులు. పరీక్ష జరిగిన వర్గమున ఈ కాన్సరు మరణములు నూటికి 31 వంతున తగ్గినవి. వెనిగరు చుక్కతో ప్రాణములు దక్కినవనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

మూడవది హెచ్.పి.వి. పరీక్ష. వైరసు ఉన్నదా లేదా యని నేరుగ తెలిసికొనునది. మూడింటిలో నమ్మదగినది ఇదియే. మహారాష్ట్రమున ఉస్మానాబాదు జిల్లా గ్రామములలో లక్షకు పైగ స్త్రీలయందు చేసి 2009లో ప్రకటించిన పరిశోధనలో, జీవితమున ఒక్కమారు ఈ పరీక్ష చేయించుకొన్న వర్గమునందు ముదిరిన కాన్సరులును, మరణములును దాదాపు సగమునకు తగ్గినవి. ఇందులకు నమూనాను స్త్రీ తానే తీసి యిచ్చుటకు కూడ ప్రపంచ ఆరోగ్య సంస్థవారు సమ్మతించియున్నారు.

ఎప్పుడు చేయించుకొనవలెను? 2016లో మన ప్రభుత్వము ప్రకటించిన విధానము ననుసరించి, 30 మొదలు 65 ఏండ్ల వరకు గల స్త్రీలందరు అయిదేండ్ల కొకమారు వి.ఐ.ఎ. పరీక్ష చేయించుకొనవలెను. హెచ్.ఐ.వి. సోకినవారు అంతవరకు ఆగరాదు. 25వ యేటనుండియే మొదలిడి, హెచ్.పి.వి. పరీక్షయైనచో మూడు మొదలు అయిదేండ్ల కొకమారు, వి.ఐ.ఎ. లేక పాప్ పరీక్షయైనచో మూడేండ్ల కొకమారు తప్పక చేయించుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2021లో నిర్దేశించిరి. డాక్టరు ఇంకను తరచుగ రమ్మన్న, పోవలసినదే. పిల్లలు పుట్టకుండ ఆపరేషను జరిగినదనియు, ముట్లుడిగినవనియు, భర్త గతించెననియు పరీక్ష మానరాదు. వైరసునకు అవి పట్టవు.

మచ్చ కనబడినచో ఏమగును? కాన్సరు వచ్చినదని అర్థము కాదు. కాన్సరు కాగల స్థలము దొరకినదని అర్థము. దానిని గడ్డకట్టించియో, వేడితో మాడ్చియో, సన్నని తీగతో ఆ ముక్కను తొలగించియో నయము చేయుదురు. పెక్కుమంది ఆ దినముననే ఇంటికి రావచ్చును. ఇందులకై గర్భసంచినే తీసివేయుట సామాన్యముగ అవసరముండదు. ఎవరైన తొందరపెట్టినచో, రెండవ డాక్టరు అభిప్రాయము తీసికొనుడు. హెచ్.ఐ.వి. సోకినవారు చికిత్సయైన ఏడాదికి మరల చూపించుకొనవలెను. ఆ తరువాతను విడువరాదు.

అడ్డు నిలుచునది ఏది?

ఇన్ని సౌకర్యములుండగా మన తల్లులు ఏల పోవుటలేదు? మొదటి అడ్డు సిగ్గు. పందొమ్మిదవ శతాబ్దపు తుదిలో, తిండివనమున మిషనరీ వైద్యుని కుమార్తె ఐడా స్కడ్డర్ ఇంటికి ఒకే రాత్రి మువ్వురు భర్తలు వచ్చి, ప్రసవవేదన పడుచున్న భార్యలను చూడ రమ్మని ప్రార్థించిరి. ఆమె అప్పటికి వైద్యము నేర్వలేదు. తండ్రి డాక్టరు, కాని పరపురుషుడు తమ స్త్రీలను తాకరాదని ఆ భర్తలు తిరిగిపోయిరి. తెల్లవారునప్పటికి మువ్వురు స్త్రీలును మరణించిరి. ఆ దుఃఖముననుండియే ఆమె వైద్యవిద్య నభ్యసించి, వేలూరి ఆసుపత్రిని స్థాపించి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాలను నెలకొల్పెను. నేడు మన జిల్లాయందు స్త్రీవైద్యులు కలరు, నర్సులు కలరు. లేడీ డాక్టరే చూడవలెనని అడుగు హక్కు మన తల్లులకు కలదు. అయినను సిగ్గు అన్నచో, ఆ మువ్వురు మరణించి వంద యేండ్లు దాటినను మనమేమియు నేర్చుకొనలేదని అర్థము.

రెండవ అడ్డు అపవాదు. హెచ్.ఐ.వి. సోకిన వితంతువును పేరంటమునకు పిలువని ఇండ్లు కలవు. ఆమె త్రాగిన లోటాను విడిగ పెట్టు ఇండ్లు కలవు. లోటావలన, భోజనమువలన, పక్కన కూర్చుండుటవలన ఈ వ్యాధి రాదని చిన్నపిల్లలు సైతము బడిలో చదువుచున్నారు. ఈ భయముననే ఆ తల్లి మాత్రల కొరకు పొరుగు జిల్లాకు పోవును. పరీక్షకు పొమ్మన్నచో, అచ్చట ఎవరైన తెలిసినవారు కనబడుదురేమో యని మానుకొనును. ఒకరి అనుమతి లేక వారి హెచ్.ఐ.వి. సంగతిని బయటపెట్టుటను, ఆ కారణమున వైద్యము, ఉద్యోగము, అద్దె యిల్లు నిరాకరించుటను 2017వ సంవత్సరపు చట్టము నిషేధించుచున్నది. ఆ చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునందున్నది. చట్టము ఆసుపత్రి గుమ్మమువరకు రక్షించును. మన వీధిలో రక్షింపవలసినది మనము.

మూడవ అడ్డు కూలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత, మన కుటుంబములలో పెక్కు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరునకు పోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నవి. ఆసుపత్రి తెరచియుండు వేళకు ఆ స్త్రీ పనిలో నుండును. ఒక దినపు కూలి పోగొట్టుకొని, నొప్పిలేని రోగమునకు పరీక్ష చేయించుకొనుమన్న ఆమె నవ్వును. ఆమెది తప్పు గాదు.

నాల్గవది భాష. కరపత్రములు కన్నడమున నుండును. మందు చీటీ ఇంగ్లీషున నుండును. ఇంట తెలుగు మాత్రమే చదువనేర్చిన అవ్వలకు, అత్తలకు ఈ సంగతులు చేరుటలేదు.

టీకాను గూర్చి

ఆడపిల్లలకు హెచ్.పి.వి. సోకకముందే టీకా వేయించినచో ఈ వ్యాధిని మొదటనే అరికట్టవచ్చును. 12, 13 ఏండ్ల ప్రాయమున టీకా పూర్తిగ పొందిన యువతులలో ఒక్క ముఖద్వార కాన్సరైన కానరాలేదని స్కాట్లండువారు 2024లో ప్రకటించిరి. మన దేశమున పూనాలోని సీరం సంస్థవారు తయారుచేసిన సర్వావాక్ అను టీకాకు 2022లో అనుమతి లభించినది. తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహింతుమని 2024 మధ్యంతర బడ్జెటులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను.

టీకా యన్నచో మన తెలుగువారి మనస్సున ఒక శంక యున్నది. దానిని దాచి ప్రయోజనము లేదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము జిల్లాలో, భద్రాచలము మొదలగు మూడు మండలములలో, వేలకొలది బాలికలకు ఒక ప్రయోగ పథకము క్రింద ఈ టీకా వేసిరి. గుజరాతు రాష్ట్రమున వడోదరలో కూడ వేసిరి. రెండుచోట్ల కలిసి ఏడుగురు బాలికలు మరణించుటచే 2010లో పథకము నిలిపివేయబడినది. విచారణ జరిపినవారు ఆ మరణములకు టీకా కారణమని తేల్చలేదు. ఒకరు నీట మునిగి, ఒకరు పాముకాటున, ఇద్దరు పురుగుమందు త్రాగి మరణించినట్లు బయటపడెను. కాని తలిదండ్రుల అనుమతి సరిగ తీసికొనలేదని, వసతిగృహములలోని గిరిజన బాలికలకు వార్డెనులే సంతకములు చేసిరని తేలినది. 2013లో పార్లమెంటు సంఘము తీవ్రముగ ఆక్షేపించినది. మనము నేర్వవలసిన పాఠ మేమి? టీకా చెడ్డదని కాదు. అడిగి, తెలిసికొని, మనసార ఒప్పుకొని వేయించుకొనవలెనని. ప్రశ్నించు తలిదండ్రులను ఎవరును కసరరాదు. జవాబు వినిన తలిదండ్రులు ఊరక భయపడరాదు.

హెచ్.ఐ.వి.తో పుట్టిన బాలికలు, సోకిన యువతులు విషయమున మోతాదు వేరు. సామాన్యముగ బాలికలకు ఒకటి లేక రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022లో చెప్పిరి. వీరికి మాత్రము కనీసము రెండు, వీలైనచో మూడు మోతాదులు వేయవలెను. ఇదివరకే చేరిన వైరసును టీకా పోగొట్టలేదు. కావున టీకా పొందినవారును తగిన వయసు రాగానే పరీక్షకు పోవలసినదే.

మనము చేయవలసినది

సోదరులారా, సోదరీమణులారా, ఉపన్యాసము విని చప్పట్లు కొట్టి పోయినచో మన సభ వ్యర్థము. నాలుగు పనులు మీ ముందుంచుచున్నాము.

ఒకటి. మన కుటుంబములలో ముప్పది యేండ్లు దాటిన స్త్రీలందరు పరీక్షకు పోవలెను. ఒకరిద్దరు గాదు, అందరు. వీధికి పదిమంది చొప్పున కలిసి పోవలెను. సంఘ నాయకుల ఇంటి స్త్రీలు ముందు పోవలెను. ఇందొక మేలు కలదు. అందరు నడచు దారిలో ఎవరును ప్రత్యేకముగ కానరారు. హెచ్.ఐ.వి. సోకిన సోదరి ఆ పదిమందిలో ఒకతెయై పోవును; ఆమె ఏల వచ్చినదని ఎవరును అడుగరు. మన ఆడువారు తమ ప్రాణములను కాపాడుకొనుటయే గాక, పేరు చెప్పలేని ఒక తోబుట్టువునకు తెర పట్టినవారగుదురు. తెరచాటున లోనికి పోయిన తరువాత, ఆమె తన సంగతిని డాక్టరుకు మాత్రము దాపరికము లేక చెప్పుకొనవలెను. ఎంత తరచుగ రావలెనో వారు నిర్ణయింతురు.

రెండు. మన జిల్లాలో నున్న సౌకర్యములను వాడుకొనవలెను. ఇంటింటికి పోయి వ్యాధులను పరీక్షించు గృహ ఆరోగ్య పథకమును కర్ణాటక ప్రభుత్వము 2024లో ప్రయోగాత్మకముగ మొదలిడినది మన కోలారు జిల్లాలోనే. ఆశా కార్యకర్త గుమ్మము తట్టినపుడు, మా యింట ఎవరికి ఏమియు లేదని పంపివేయక, ముఖద్వార పరీక్ష ఎచ్చట, ఎన్నడు జరుగునో అడుగుడు. కోలారు జిల్లా ఆసుపత్రి కలదు. టమకలో జాలప్ప ఆసుపత్రి కలదు. కాన్సరు వైద్యమునకు బెంగళూరున కిద్వాయి సంస్థ కలదు. నెలనెల ఎ.ఆర్.టి. కేంద్రమునకు పోవువారు, మాత్రలు తీసికొనునపుడే, నా ముఖద్వార పరీక్ష ఎప్పుడని ఒక్క మాట అడుగవలెను.

మూడు. కూలి పోవు పేద సోదరీమణులకు ఆ దినపు కూలియు, రైలు లేక బస్సు చార్జీయు సంఘ నిధినుండి ఇచ్చుట న్యాయము. వర్తకులమగు మేము మా వంతు ముందుగ చెల్లింతుము. లెక్క వ్రాయుదుము, పేరు వ్రాయము. పద్దులో రూకలు, తేదీ యుండును, ఎవరికని యుండదు. లెక్కల తనిఖీదారులకు అంతమాత్రము చాలును.

నాలుగు. ఈ సంగతులన్నియు పెద్ద అక్షరములతో తెలుగున ఒక చిన్న పత్రముగ అచ్చొత్తించి, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, బంగారుపేట, ముల్బాగల్, శ్రీనివాసపురము, మాలూరు, కోలారులలోని మన ఇండ్లకు పంచవలెను. చదువలేని అవ్వలకు మనుమరాండ్రు చదివి వినిపింపవలెను.

పురుషులకు ఒక్క మాట. భర్తనుండి సోకిన వ్యాధికి భార్యను నిందించుట ధర్మము గాదు. తానును పరీక్ష చేయించుకొనుట, సోకినచో మాత్ర మింగుట, కండోము వాడుట, పొగాకు మానుట పురుషుని కర్తవ్యము. పొగ త్రాగుట ఈ కాన్సరునకును దోహదము చేయునని తెలియవలెను. అత్తగార్లకు ఒక్క మాట. కోడలు పరీక్షకు పోయెదనన్నచో, ఏమి రోగమని ప్రశ్నింపక, నేనును వత్తును పదమని లేచి నడువుడు. మీ వెంట నడచు కోడలిని చూచి వీధియంతయు నోరు మూసికొనును.

ఈ ముఖద్వార కాన్సరును భూమిమీదనుండి తొలగింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020 నవంబరు 17న ఒక కార్యక్రమమును ప్రకటించిరి. 2030 నాటికి బాలికలలో నూటికి 90 మందికి టీకా, స్త్రీలలో 70 మందికి పరీక్ష, వ్యాధి కనబడినవారిలో 90 మందికి చికిత్స జరుగవలెనని వారి సంకల్పము. ప్రపంచపు లెక్క ప్రపంచమువారు చూచుకొందురు. మన లెక్క చిన్నది. మన ఇండ్లు, మన వీధులు. వచ్చు నెల మొదటి ఆదివారమున, ఏయే వీధివారు ఏ దినమున పోవుదురో వ్రాసికొనుటకు సంఘ కార్యాలయము తెరచియుండును. పేర్లు వ్రాసికొనము, ఎందరని మాత్రము వ్రాసికొందుము. ఆ సంఖ్య పెద్దదిగ నుండునట్లు చూచు భారము మీది.